పసుపు తిరిగిన రాళ్ళు

రాయి 611

తూర్పు చవిటి నేలలో దొరికింది. అరచేతికి సరిపడా ఉంది. పైన నల్ల మాడు పొర, అక్కడక్కడ బొటనవేలు నొక్కినట్టు గుంతలు. అయస్కాంతం గట్టిగా పట్టింది.

నా తరవాత ఈ కుర్చీలో ఎవరు కూర్చుంటారో తెలియదు గానీ వాళ్ళ కోసం ఒక్కసారి చెబుతాను, మళ్ళీ మళ్ళీ అడగొద్దు. రాయి అంచు ఒకటి విరవండి. విరిచిన చోట నాలుకతో తడపండి. తడి తగిలితేనే లోపలి గింజలు కనబడతాయి, మన ఎర్రదిన్నెలో రాళ్ళు కడగడానికి నీళ్ళు ఎవరూ ఇవ్వరు. అసహ్యం అనిపిస్తే వేరే పని చూసుకోండి. ఎండలో కొలిమి అద్దాలు తుడిచేవాళ్ళు ఎప్పుడూ తక్కువే. ఈ ఏడు సూర్యుడు రేగి ఉన్నాడు, వాళ్ళ చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి, మిమ్మల్ని చూస్తే సంతోషిస్తారు.

ఆకాశం నుంచి పడ్డ రాతిలో ఆవగింజల్లాంటి గుండ్రటి గింజలుంటాయి. వాటి అంచులు తేటగా ఉంటే ఆ రాయి పుట్టిన చోట పెద్దగా వేడి చూడలేదని అర్థం. అది మూడో రకం. అంచులు కరిగి చుట్టూ ఉన్న పొడిలో కలిసిపోతే బాగా ఉడికిందన్నమాట, ఆరో రకం. నాలుగూ ఐదూ ఆ మధ్యలోవి. ఇనుము ఎక్కువుంటే హెచ్, తక్కువుంటే ఎల్. హెచ్ అయితే ఇనుము తీసి పనిముట్లు చేసుకుంటాం. ఎల్ అయితే పొడి కొట్టి కూరమడుల్లో చల్లుతాం. రెండూ ముందు పొడి కావడానికి పెంచలయ్య బావ మరకే పోతాయి.

ఇది హెచ్, ఐదో రకం. మంచి రాయి. ఇందులోంచి రెండు పారలైనా వస్తాయి.

పెంచలయ్య మా అక్క చెంచమ్మ మొగుడు. అక్క పోయి చాలా ఏళ్ళయింది, అయినా బావ బావే. ఈ రాళ్ళకొట్టూ ఆయన ఇల్లూ ఒకే గోడ. సాయంత్రం అవగానే ఆయన ఇంట్లో చెవిపెట్టె మోగుతుంది. అంటే అక్క మన నెత్తిమీదుగా దాటుతోందని. ఆయన దీపం పట్టుకుని మిద్దె ఎక్కి, ఆ రోజు ఏం వండాడో, ఎవరితో గొడవపడ్డాడో అన్నీ పైకి చూస్తూ చెబుతాడు. ప్రతి ఇంటికీ తన పెట్టె, తన వేళ. ఈ ఊళ్ళో గొయ్యి తవ్వితే ఉప్పునీరు ఊరుతుంది. అందుకే పెద్దవాళ్ళు పోయినవాళ్ళని అద్దాల కొలిమిలో బూడిద చేసి, ఆ బూడిదని రాయిగా కట్టి, గుట్టమీది విసురుబాట మీదుగా ఆకాశంలోకి పంపేవారు. వెయ్యేళ్ళు తిరుగుతారని చెప్పారు. విసురుబాట తీగలు మాడిపోయాక ఇక ఎవరూ పైకి పోలేదు. ఇప్పుడు పోయినవాళ్ళ బూడిద కుండల్లో పెట్టి, బాట బాగయ్యే రోజు కోసం చూస్తున్నాం.

రాయి 614

ఈ రాయి నా బుర్ర తినేసింది.

అయస్కాంతం ఓ మాదిరిగా పట్టింది. నాలుకతో తడిపి చూస్తే గింజలున్నాయి, అంచులు కరిగి ఉన్నాయి. ఎల్, ఆరో రకం అనుకుని పక్కన పెట్టాల్సింది. గింజలన్నీ ఒకే సైజులో ఉండటం కంట్లో నలుసులా అనిపించి, పలుచగా కోసి, వెలుగు దూరేంత సన్నగా అరగదీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. వెలుగును కత్తిరించే పలకలు రెండు అడ్డంపెట్టి తిప్పితే ఆలివిన్ అనే ఖనిజం నీలంగా, గులాబీగా మెరవాలి. పైరాక్సీన్ అనేది బూడిదరంగులోనో లేత పసుపులోనో కనబడాలి. ఇందులో గింజలు ఎటు తిప్పినా నల్లగానే ఉన్నాయి. ఎటు తిప్పినా వెలగనిది గాజు. బాగా ఉడికిన రాతిలో గాజు మిగలదు, ఆ వేడికి స్ఫటికాలుగా మారిపోతుంది. ఉడికిన రాతిలో ఉడకని గాజా! అన్నం మెత్తగా ఉడికి అందులో వడ్లగింజలు మిగిలినట్టుంది.

ఒక చోట బంగారు రంగు మెరుపు. ఇనుమూ గంధకమూ కలిసిన ట్రాయిలైట్ అయి ఉంటుంది, ఆకాశపు రాళ్ళలో మామూలుగా ఉండేదే.

ఇంకో ముక్క కోద్దామంటే రంపానికి పోసే నీళ్ళు అయిపోయాయి. బావ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఏం సుగుణా, రాయికి సంబంధం చూస్తాండావా? పేరు రాసి పంపు, మర ఉత్తదే తిరుగుతాంది" అన్నాడు.

సంబంధం కుదిరితే నీకే చెబుతాను అన్నాను. ఎల్, ఆరో రకం అని రాసి ఇచ్చేశాను. నాలుగో మడికి పోయింది.

614 గురించి మళ్ళీ

నాలుగో మడిలో తోటకూర మోకాలి ఎత్తు లేచింది. మన మడుల్లో తోటకూర పొట్టిగా, అంచులు ఊదారంగు తిరిగి ఉంటుంది. భాస్వరం చాలక. ఇది మాత్రం ఆకులు చేటల్లా పరిచింది. ఊరందరికీ తలా ఓ కట్ట పంచారు. బావ పప్పులో వేసి నాకూ గిన్నెడు తెచ్చిచ్చాడు. ఎన్నాళ్ళకి నోటికి రుచి తగిలింది! గిన్నె వేలితో తుడిచి మరీ తిన్నాను.

మా కౌన్సిలు పెద్ద ఇందుమతి గారు స్వయంగా కొట్టుకి వచ్చారు. ఆ మడికి ఏ రాతిపొడి వేశారో కనుక్కుని, అలాంటివి దొరికితే ముందు మరకే పంపమన్నారు. పిల్లల ఎముకలు మెత్తబడుతున్నాయి, ఆమె దిగులు నాకు తెలుసు. సరేనన్నాను. ఏరేవాళ్ళకి కూడా చెప్పాను.

రాయి 617, రాయి 618

రెండూ 614 లాగే ఉన్నాయి. అవే కరిగిన అంచులు, అవే నల్ల గింజలు.

ఈసారి తొందరపడలేదు. ఆకాశపు ఇనుములో నికెల్ ఉంటుంది. నికెల్‌కి వేసే మందు ఒక చుక్క వేస్తే గులాబీ రంగు రావాలి. రాలేదు. ఇందులో ఉన్నది వట్టి ఇనుపరజను. తరవాత భాస్వరానికి వేసే మందు పట్టించాను. ఆకాశపు రాతిలో భాస్వరం ఎక్కడో పిసరంత ఉంటుంది, మందు వేస్తే ఒకటి రెండు చుక్కలు పసుపెక్కితే గొప్ప. ఈ ముక్క మొత్తం పసుపు తిరిగింది. స్నానం చేయించి పసుపు రాసినట్టు, ఆ అంచు నుంచి ఈ అంచు దాకా.

తరవాత ఇంటికెళ్ళి అటక మీద నుంచి జల్లెడ దించాను.

తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. బూడిదని ఇసుకతో కలిపి కరిగించాక జల్లెడలోంచి బొట్లు బొట్లుగా జారుస్తారు. జల్లెడ పట్టుకునేది తోడబుట్టినవాళ్ళు. ఆ గాజుబొట్లకి ఎముకపొడి, ఇనుపరజను కలిపి ముద్ద చేసి మళ్ళీ కొలిమిలో పెడతారు. ఇనుము ఎందుకంటే, విసురుబాట అయస్కాంతాలు పట్టి విసరడానికి. కాలకుండా మిగిలిన వస్తువు ఏదైనా ఉంటే ముద్ద నడుమ పెడతారు. జల్లెడ తోడబుట్టినవాళ్ళ ఇంట్లోనే ఉండిపోతుంది. ఊరంతటికీ జల్లెడలు చేసింది ఒక్క పనివాడే, అన్నిటి కన్నాలూ ఒకే కొలత.

రాతిలోంచి ఊడిన గింజలు ఆ జల్లెడలో పోశాను. ఒక్కోటీ ఒక్కో కన్నంలో సరిగ్గా కూర్చుంది.

ఆ రోజు నీళ్ళ వాటా మొత్తం పుక్కిలించి ఉమ్మేశాను. నాలుకని చీరకొంగుతో రుద్దాను. నాలుక సంగతి సరే, తోటకూరనేం చెయ్యను? దాన్ని ఊరంతా తిన్నాం.

సూర్యుడు రేగితే పైగాలి పొంగుతుందని ఎక్కడో చదివాను. ఆ గాలి, పైన తిరిగేవాటిని పట్టి కిందికి లాగుతుంది. వెయ్యేళ్ళన్నవాళ్ళు ఈ మాట లెక్కలో వేసుకున్నారో లేదో, అడగడానికి వాళ్ళిప్పుడు లేరు.

మరి చెవిపెట్టెలు మోగుతూనే ఉన్నాయిగా, పెట్టె మోగిందంటే మనిషి పైనున్నట్టేగా, అని నాకు నేనే చెప్పుకున్నాను. మా అమ్మ పెట్టె నా దగ్గరుంది. మూత విప్పాను. వినేది ఏదీ లేదందులో. ఒక గడియారం ఉంది, అది కదిలించే చిన్న సుత్తి ఉంది. అంతే. పోయినవాళ్ళు ఏ వేళకి దాటాలో ముందే లెక్కగట్టి తిప్పిపెట్టారు. పైన ఎవరున్నా లేకున్నా అది మోగుతుంది. చెవి అని పేరు పెట్టి వాళ్ళు మోసం చేశారో, మనమే అలా నమ్మామో తెలియదు.

మూత బిగించి యథాస్థానంలో పెట్టాను. సాయంత్రం మోగింది. ఎప్పటిలా లేచి నిలబడ్డాను, నా ఒళ్ళు నా మాట వినలేదు.

617, 618 గురించి మళ్ళీ

ఇందుమతి గారికి చెప్పాను. ఇద్దరమే ఉన్నాం. పసుపు తిరిగిన ముక్క, జల్లెడ, రెండూ ముందు పెట్టాను. ఆమె ముట్టుకోలేదు. గింజలు కన్నాల్లో కూర్చోవడం చూసి చేతులు ఒళ్ళోకి లాక్కున్నారు.

కోప్పడతారనుకున్నాను. నెమ్మదిగానే మాట్లాడారు. భాస్వరం ఈ నేలలో ఇంకెక్కడుందో చూపించమన్నారు. నేను చూపించలేనని ఆమెకి తెలుసు. వంకర కాళ్ళ పిల్లల పేర్లు వరసగా చెప్పారు. పెట్టెల సంగతి బయటపడితే ఊళ్ళో సగం మంది పొద్దున్నే లేవరన్నారు. అది అబద్ధమని నేను అనలేకపోయాను.

"ఎల్, ఆరు అని రాసి పంపు సుగుణా. మా ఆయన కూడా పైనే ఉన్నాడు. ఉన్నాడనే అనుకోనీ" అన్నారు.

రెండు రాళ్ళనీ బల్లకింద పెట్టాను. మరకి పంపలేదు. పంపనని ఆమెతో అనే ధైర్యం కూడా రాలేదు. బావ అడిగితే ఇంకా తేలలేదన్నాను. ఆయన నవ్వి, ఈ సంబంధాలు కుదిరేట్టు లేవు అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఒంట్లో బాగాలేదా అని అడిగి, వెళ్ళి గంజి కాచి తెచ్చాడు.

మిగతా రాళ్ళతో పాటు 614ని కూడా ఆయన తన చేత్తోనే మరలో పోశాడు. ఆ సంగతి ఆయనకి తెలియకూడదు. ఆ గంజి తాగుతూ నేను అనుకున్నది అదొక్కటే.

రాయి 623

దీన్ని తడపలేదు. ఇప్పుడు ఏ రాతికీ నాలుక ఆనించడం లేదు.

రంపం కింద పెట్టాను. సగం దాకా బాగానే తెగి, ఒక్కసారి కీచుమంది. పళ్ళు జివ్వుమన్నాయి. ఆపి చూశాను. కోసిన ముఖంలో ఇనుపముక్క ఒకటి, నా చిటికెనవేలి గోరంత పొడుగు. పక్కన చిన్నచిన్న మెట్లు. మరచుట్లు. ఏ ఖనిజానికీ మరచుట్లుండవు.

నికెల్ మందు వేశాను. రాతిలో మిగతా ఇనుము పలకలేదు. ఆ ముక్క ఒక్కటే గులాబీ రంగు తిరిగింది. ఆకాశపు ఇనుముతో చేసిన మరమేకు అది.

అద్దాల నిచ్చెన మీంచి జారి అక్క మడమ విరగ్గొట్టుకున్న రోజున వైద్యుడి దగ్గర మేకుల్లేవు. బావ ఒక హెచ్ రాతిలోంచి ఇనుము తీసి, కొలిమి దగ్గర కూర్చుని, ఆకురాయితో చుట్టు చుట్టూ తనే కోశాడు. ఉడకబెట్టి ఇస్తే వైద్యుడు బిగించాడు. అక్క పాదం పట్టుకుని కూర్చున్నది నేను. ఒంట్లో ఆకాశపు చుక్క పెట్టుకున్నాను, ఇక నన్నెవరూ ఆపలేరు అని అక్క అంత నొప్పిలోనూ నవ్వింది. బూడిదలో అది కాలకుండా మిగిలితే, నడుమ పెట్టింది కూడా నేనే.

అక్క నా బల్ల మీద ఉంది. సగం కోసి.

బావ ఇంట్లో పెట్టె మోగింది. మెట్లెక్కిన చప్పుడు. గోడ అవతల నుంచి ఆయన గొంతు వినబడింది. ఆ రోజు కూడా నాలుగో మడి తోటకూరే వండాడట. నువ్వుంటే ఇంకాస్త చింతపండు వేసేదానివి అంటున్నాడు. సుగుణ ఎందుకో నీరసంగా ఉంది, నువ్వే అడుగు, నాకు చెప్పదు అంటున్నాడు. నేను రాతిని కొంగులో చుట్టుకుని ఏడ్చాను. దానికి వెలుతురు తగలకూడదనిపించింది, ఎందుకో తెలియదు.

623 గురించి మళ్ళీ

ఇందుమతి గారు మనిషిని పంపారట. బల్లకింద రాళ్ళు పోగవుతున్నాయి, మడులు మళ్ళీ పాలిపోతున్నాయి, ఉన్నవన్నీ ఈ పూటే మరలో పొయ్యమని. బావ గంప పట్టుకుని వచ్చాడు. ఒక్కొక్కటీ ఎత్తి వేసుకుంటున్నాడు. నేను 623 మీద చెయ్యి పెట్టాను.

దాన్నిక్కడ ఉండనీ బావా అన్నాను. ఎందుకన్నాడు. నేను చెయ్యి తియ్యలేదు. ఆయన నా చెయ్యి మెల్లగా పక్కకి తీసి, రాయి ఎత్తి, కోసిన ముఖం వెలుతురుకి తిప్పాడు.

ఎవరి చేతిపని వాళ్ళకి తెలుస్తుంది. వేలితో మరచుట్లు తడిమాడు. ఒక చుట్టు దగ్గర ఆకురాయి జారి కాస్త లోతుగా దిగింది, ఆ రోజే చెప్పాడు నాకు, చెయ్యి వణికిందని. వేలు అక్కడే ఆగిపోయింది.

"ఇది నేను చేసింది గదా" అన్నాడు.

అవునన్నాను.

గంప కింద పెట్టాడు. గంపలోని రాళ్ళ వైపు చూశాడు. తరవాత మర ఉన్న వైపు చూశాడు. అన్నీ ఆయనకి అర్థమవుతున్నాయి, ఒకదాని తరవాత ఒకటి, నేను చూస్తుండగానే.

"ముందు ఒకటి పోసినా గదా, నాలుగో మడికి. అది ఎవురు?"

తెలియదు బావా అన్నాను. నిజంగానే తెలియదు. అది పొడైపోయింది, ఇక ఎప్పటికీ తెలియదు.

ఆయన కింద కూర్చుండిపోయాడు. అక్కని ఒళ్ళో పెట్టుకున్నాడు. పెట్టెల గురించి కూడా చెప్పేశాను, ఇక దాచి లాభం లేదు. విన్నాడో లేదో తెలియలేదు. చీకటి పడుతుండగా గోడ అవతల ఆయన పెట్టె మోగింది.

ఆయన లేచాడు. అలవాటు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. వీధికి అటూ ఇటూ మిద్దెల మీద దీపాలు వెలుగుతున్నాయి, పక్కింటివాళ్ళు ఈయన మిద్దె వైపు చూస్తున్నారు, రోజూ ఉండే దీపం లేదని.

"నేను ఎక్కకుంటే అడుగుతారు. ఏం చెప్పేది?" అన్నాడు.

రాతిని నా చేతుల్లో పెట్టి వెళ్ళాడు. దీపం వెలిగించుకుని మిద్దె ఎక్కాడు. అక్క నా ఒళ్ళో ఉంది. పైనుంచి బావ ఖాళీ ఆకాశంతో, అందరికీ వినబడేట్టు, ఈ రోజు ఏం వండాడో చెబుతున్నాడు. ఒక్కసారి కూడా గొంతు తడబడలేదు. ఇంత భయం నాకు జన్మలో వేయలేదు.

రాయి 624

ఇంకా కొయ్యలేదు.

బావ మర ఆపేశాడు. ఇరుసు విరిగిందని అందరితో అంటున్నాడు. విరగలేదు. ఇందుమతి గారికి ఆ మాట పోయి ఉంటుంది. సాయంత్రం ఆమే వచ్చారు. మర గురించి అడుగుతారని కాచుకుని ఉన్నాను.

అడగలేదు. బల్ల మీద తెరిచి ఉన్న ఈ పుస్తకం వెనక్కి తిప్పి, 614 దగ్గర ఆగారు.

"బంగారు రంగు మెరుపు అని రాశావు" అన్నారు. "మా ఆయనకి కింది దవడలో ఒక పన్నుకి బంగారు తొడుగుండేది. నడుమ పెట్టాం."

ట్రాయిలైట్ అమ్మా, మామూలు ఖనిజం, దాదాపు ప్రతి రాతిలోనూ ఉంటుంది అన్నాను. అది నిజమే. కానీ నేను రాసింది ఆకాశపు రాయి గురించి కాదని ఇద్దరికీ తెలుసు. మనం కట్టిన రాతిలో ట్రాయిలైట్ ఎందుకుంటుంది? ఆమె నా ముఖంలోకి చూశారు. నేను తల దించుకున్నాను. అంతకంటే ఏం చెప్పమంటారు?

దూరంగా ఎవరింట్లోనో పెట్టె మోగింది. ఆమె ఉలిక్కిపడి, మాదే, వెళ్ళాలి అని లేచారు.

కాసేపటికి బావ మిద్దె మీంచి నన్ను పిలిచాడు. ఎక్కి చూశాను. వీధి పొడవునా దీపాలున్నాయి, ఇందుమతి గారి మిద్దె మాత్రం చీకటిగా ఉంది. ఆమె దీపం దిగువన కూరమడుల దగ్గర కనబడింది. దాన్ని నాలుగో మడి గట్టు మీద పెట్టి, పక్కనే నేల మీద కూర్చున్నారు. పైకి చూడటం లేదు. మట్టిలోకి చూస్తూ ఏదో చెబుతున్నారు.

మిద్దెల మీద ఒక్కొక్కరే మాటలు ఆపేశారు. అందరూ అటే చూస్తున్నారు. కొందరి పెట్టెలు మోగాయి, ఎవరూ పైకి చూడలేదు.

పొద్దున కొట్టు తీసేసరికి గుమ్మంలో జనం ఉన్నారు. నాలుగో మడి చుట్టూ తాడు కట్టారట, తోటకూర కొయ్యొద్దన్నారట. ఇందుమతి గారు రాత్రే అందరికీ చెప్పేశారు. ఎవరూ నన్ను తిట్టలేదు, అదే నాకు ఎక్కువ కష్టంగా ఉంది. ఒకరి తరవాత ఒకరు లోపలికి వచ్చి, తమవాళ్ళకి నడుమ ఏం పెట్టారో చెప్పారు. ఒకామె కొడుకుకి ఇత్తడి బొంగరం మొన పెట్టారట. నేను రాసుకున్నాను.

చివర్లో అద్దాలు తుడిచే ముసలాయన ఓబులేశు వచ్చాడు. చేతులకి గుడ్డలు చుట్టుకుని ఉన్నాడు.

"మా యమ్మకి ఏమీ పెట్టలేదమ్మా. పెట్టేదానికి ఏమీ లేకుండె. ఎట్ల గుర్తుపడ్తావు?"

మా అమ్మకీ ఏమీ పెట్టలేదు. బల్లకిందున్న వాటిలో ఏదైనా మా అమ్మ కావచ్చు, ఇంకా పైనే ఉండొచ్చు, నేను నాలుకతో తడిపి పంపించిన ఆ 614 కూడా కావచ్చు.

ఆయన్ని కూర్చోబెట్టి ఇదే చెప్పాను. పసుపు తిరిగిన ఏ రాయీ ఇక మరకి పోదని చెప్పాను. మడులకి భాస్వరం ఎక్కడి నుంచి తెస్తామో నాకు తెలియదు, పిల్లల ముఖాలు కళ్ళముందే ఉన్నాయి. అయినా పోదు. ఆయన తలూపి, బల్లకింద ఉన్నవాటిని చూడొచ్చా అని అడిగాడు. తీసి బల్లమీద పెట్టాను. గుడ్డలు విప్పుకుని, బొబ్బలెక్కిన చేతులతో అన్నిటినీ ఒక్కొక్కటిగా ఎత్తి చూసి, మళ్ళీ జాగ్రత్తగా కింద పెట్టాడు.